పేరు కంటే ముందు పల్టన్‌ను వెతకాలి

సిద్దిపేట జిల్లా తొగుటలో ఒక కుటుంబానికి “మా తాత మలయా లడాయికి పోయిండట” అన్న మాట తప్ప మరే ఆధారమూ మిగల్లేదనుకుందాం. ఇలాంటప్పుడు ఎవరైనా మొదట తాత పేరు కోసమే వెతుకుతారు. కానీ ముందు తేలాల్సింది ఆయన ఏ సైన్యంలో పనిచేశాడన్నదే. ఎందుకంటే మలయా యుద్ధంలో హైదరాబాద్ పేరుతో రెండు వేర్వేరు సైన్యాల దళాలున్నాయి. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు కోట భారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది నిజాం సంస్థాన సేనకు చెందిన ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ మాత్రం బ్రిటిష్ ఇండియా సైన్యానిది. ఆ రెజిమెంటే 1945లో కుమావోన్ రెజిమెంట్ అయింది. దాని కేంద్రం ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉంది. నిజాం సేన కథ వేరు. 1948 సెప్టెంబరు సైనిక చర్యతో సంస్థానమే భారత యూనియన్‌లో కలిసిపోయింది. కాబట్టి బ్రిటిష్ ఇండియా దళం గురించి రాణీఖేత్‌లో అడగాలి, నిజాం దళం గురించి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో వెతకాలి. తప్పు తలుపు తట్టి “లేదు” అనిపించుకుంటే రికార్డు పోయినట్టు కాదు.

దళం తేలడానికి ఇంట్లోనే ఆనవాలు దొరకవచ్చు. భారతీయ సైనికులకిచ్చిన పతకాలపై నంబరు, పేరు, దళం చెక్కేవారు. యుద్ధంలో చనిపోయినవారి వివరాలు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాలో ఉచితంగా చూడవచ్చు. చాలామందికి తండ్రి పేరు, ఊరు కూడా అందులో ఉంటాయి. అయితే మన ఇంటిపేరు అక్కడ కనిపించకపోవచ్చు, ఊరి పేరును గుమస్తా విన్నట్టు రాసి ఉండవచ్చు. సిద్దిపేట జిల్లా ఏర్పడింది 2016లోనే కాబట్టి పాత కాగితాల్లో మెదక్ జిల్లా కోసం చూడాలి.

సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది కదా, కాగితాలన్నీ అక్కడే నాశనమై ఉంటాయి కదా అన్న సందేహం సహజమే. యుద్ధరంగంలోని కాగితాలు పోయి ఉండవచ్చు. అయినా సైనికుడి పేరు ఒక్క చోటే ఉండదు: భర్తీ, జీతం, పింఛను, మరణం, ఒక్కోదానికి ఒక్కో కాగితం పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన పంజాబీల పేర్లు, సుమారు 3,20,000, లాహోర్ మ్యూజియంలోని రిజిస్టర్లలో దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోకుండా పడి ఉండి, 2021లో డిజిటల్ రూపంలో వెలుగు చూడసాగాయి. అక్కడ కుదిరినది ఇక్కడా కుదరాలి. నిజాం కాలపు ఉర్దూ, పారశీ పత్రాల్లోని సైనికుల పేర్లను ఊళ్లవారీగా తెలుగులో సూచీగా తయారుచేయడం ప్రభుత్వ బాధ్యత. ఉర్దూ రాని మనవడికి తాత చరిత్రపై ఉన్న హక్కు ఏమాత్రం తక్కువ కాదు.