ఫోన్‌తో సినిమా తీస్తున్నారా? ముందు ఫ్యాన్ ఆపండి

మూడేళ్ల కింద మా నానా మాట్లాడుతుంటే ఫోన్‌లో ఇరవై నిమిషాల వీడియో తీశాను. పాత జనగామ, ఎడ్లబండ్లు, తన పెండ్లి బారాత్.. అన్నీ చెప్పారు. పైన ఫ్యాన్ తిరుగుతోంది, ఎవరం పట్టించుకోలేదు. ఆయన ఇంతెఖాల్ తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తే మొహం కనిపిస్తోంది గానీ, మాట మాత్రం ఫ్యాన్ చప్పుడులో మునిగిపోయింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునే పిల్లలు మొదట అడిగేది ‘ఏ కెమెరా కొనాలి భాయ్?’ అనే. జవాబు ఒక్కటే: చేతిలో ఉన్న ఫోన్ చాలు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన ‘మై విలేజ్ షో’ని జనం చూసింది గంగవ్వ మాట కోసం, ఊరి ముచ్చట కోసం. కెమెరా ధర ఎవరూ అడగలేదు.

మాట: ఫోన్ మైక్ దగ్గరి శబ్దాన్నే బాగా పట్టుకుంటుంది. అందుకే ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మాట్లాడే మనిషి ఛాతీ దగ్గరి జేబులో పెట్టండి. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టించండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడును పట్టుకుని రెండింటినీ కలపొచ్చు. ఫ్యాన్, కూలర్, ఫ్రిజ్ ఆపేయండి.

వెలుతురు: మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. కిటికీ వీపు వెనక ఉంటే మొహం నల్లగా వస్తుంది. నీడ పడిన వైపు తెల్ల థర్మాకోల్ షీట్ పట్టుకుంటే సరిపోతుంది. బయట తీస్తే పొద్దున, సాయంత్రం ఎండ మెత్తగా ఉంటుంది.

సెట్టింగ్: లెన్స్ తుడవండి, ఫోన్ అడ్డంగా పట్టుకోండి. స్క్రీన్ మీద మొహం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్ల కింద వీడియో మిణుకుమిణుకుమంటుంది. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 పెట్టండి, పోతుంది.

షాట్లు: మహబూబాబాద్ వైపు మిర్చి కల్లం తీస్తున్నారనుకోండి. కల్లం మొత్తం ఒక షాట్, తాలు కాయలు ఏరే అమ్మ ఒక షాట్, ఆమె వేళ్లు మాత్రమే ఇంకో షాట్. ఒక్కోటి కదలకుండా పది సెకన్లు పట్టుకోండి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరాను ఎప్పుడూ దానికి ఒకే వైపు ఉంచండి. లేదంటే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు కనిపిస్తారు.

కథ: పేజీ స్క్రిప్టుకు సుమారు ఒక నిమిషం లెక్క. మొదటిసారి ఐదు పేజీలు దాటొద్దు. భూపాలపల్లిలో సింగరేణి డ్యూటీ దిగి అబ్బా ఇంటికొచ్చే పది నిమిషాలు కూడా కథే. గని దగ్గర, రైల్వే స్టేషన్‌లో మాత్రం అనుమతి లేకుండా కెమెరా తీయకండి. ఇంట్లో ఆడవాళ్లను తీసేముందు వాళ్లను అడగండి. మొహం వద్దంటే చేతులు, గొంతు చాలు.

జనగామ పిల్లలకైతే దగ్గర్లోనే పెద్ద కథ ఉంది. దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి, హత్యకు గురైన షేక్ బందగీ కథ. తెలంగాణ రైతు పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన పిల్లలు ఆ ఊరి పెద్దల ముందు ఫోన్ పెడితే ఎన్ని మాటలు దొరుకుతాయో!

తీసినవాటిని అదే రోజు రెండో చోట కాపీ చేయండి. బయటి పాటలు వేస్తే కాపీరైట్ సమస్య వస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది.

ఈ జుమా నమాజ్ తర్వాత ఇంట్లో దాదీనో నానీనో కూర్చోబెట్టి ఐదు నిమిషాలు తీయండి. ఒక నిమిషం తీశాక ఆపి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. మాట వినపడుతోందా? అయితే కొనసాగించండి.