తూనిక చెప్పని సంగతి

మైపాటి తీరమున పెద్దవలను ఒడ్డునకు లాగువారిని చూడనివారు మన విద్యార్థులలో అరుదు. వల రెండు కొనలనుండి వచ్చు త్రాళ్లను రెండు బారులవారు పట్టుకొని, మడమలను ఇసుకలో నాటి, వెనుకకు వాలి లాగుదురు. వారిలో పెక్కండ్రు సన్ననివారు. దేహపు బరువు తెలిసినంత మాత్రమున బలము తెలియునా యను ప్రశ్న మాకు అచ్చటనే పుట్టినది.

సముద్రముల కావల రగ్బీ యను ఆట కలదు. పక్షమునకు 15 మంది. అందు 8 మంది ముందాటగాండ్రు స్క్రమ్ అను ఘట్టమున భుజములు కలిపి ఎదుటి 8 మందిని త్రోయుదురు. మనవారు లాగుదురు, వారు త్రోయుదురు. తొడలును వెన్నును ఊతమగుట మాత్రము ఇరువురకును సమానమే. 1995లో రగ్బీ యూనియన్ ఆటగాండ్రు జీతము పుచ్చుకొనుటకు అనుమతి కలిగినది మొదలు వారి దేహములు బరువెక్కుచు వచ్చినవి. ముందాటగాండ్రలో 100 కిలోలు దాటినవారు నేడు సామాన్యము.

అట్టివాని నొకని తీసికొందము: బరువు 100 కిలోలు, పొడవు 1.80 మీటర్లు. బరువును పొడవుయొక్క వర్గముచే భాగింపగా 30.9 వచ్చును. 30 మొదలుకొని స్థూలకాయమని వైద్యుల పట్టిక. దినమెల్ల పరుగెత్తి కుస్తీపట్టు వీడు ఊబకాయుడట! ఆ లెక్క కొవ్వెంత, కండ యెంత యని అడుగనే అడుగదు.

ఈ చిక్కును 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడగు ఆల్బర్ట్ బెంకీ బయటపెట్టెను. రగ్బీనుండి పుట్టిన అమెరికా ఫుట్‌బాల్‌ను వృత్తిగా నాడు 25 మందిని ఆయన పరీక్షించెను. బరువు పట్టికను బట్టి వారిలో 17 గురు సైన్యమునకు పనికిరానివారు. నీటిలో ముంచి తూచి చూడగా వారి అధికభారము కొవ్వు కాదని తేలినది. ఘన సెంటీమీటరు కండ సుమారు 1.06 గ్రాములు, కొవ్వు 0.9 గ్రాములు, కావున కొవ్వు నీట తేలును, కండ మునుగును. బావిలో ఈదు బాలురకు ఇది అనుభవమే: బక్కవాడు వెల్లకిల తేలుటకు ఎంత పాటుపడునో!

కండ పెరుగుట యనగా ముఖ్యముగా ఉన్న పోగులే లావగుట. సాధన మొదలిడిన తొలి వారములలో బలము పెరిగినను కొలత పెరుగదు; అప్పుడు నేర్చుకొనునవి నరములు. పోగులపై పడిన ఒత్తిడి పనిని ఆరంభించును, తిండియు నిద్రయు దానిని పూర్తిచేయును. పెద్దలకు కిలో దేహభారమునకు దినమునకు 0.8 గ్రాముల మాంసకృత్తులు వలయుననియు, బరువులెత్తువారికి 1.6 వరకు ఉపకరించుననియు చెప్పుదురు. నూరు గ్రాముల చేపలో సుమారు 20, కందిపప్పులో 22 గ్రాములు కలవు. డబ్బాలలోని పొడులకు సొమ్ము పోయు తండ్రులు చేపలగంప అవ్వను పిలిచిన చాలును.

మన తెలుగు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతియందు 110, 130 కిలోలెత్తి కాంస్యపతకము గెలుచుకొన్నది. తరగతి హద్దులోనే ఉండి కండను పెంచుకొనుట యేండ్ల పని. రెండు దినములలో అగునది కాదు. ఇది మేము ఆలస్యముగా నేర్చితిమి.

ఒక యేట కబడ్డీ పోటీకి మా బాలుడొకడు బరువు హద్దుకు రెండు కిలోలు ఎక్కువ తూగెను. రెండు దినములు అన్నము మాని, నీరు ముట్టక, ఎండలో పరుగెత్తి తూనిక నెగ్గెను. మేము భుజము తట్టితిమి. మొదటి కూతకే కన్నులు తిరిగి పడిపోయెను. కండలో ముప్పాతిక నీరే గదా. వాడు పోగొట్టుకొన్నది ఆ నీటినే, కొవ్వును కాదు.

"తేలికైనాడంటిరే అయ్యా, ఏం తగ్గిందో చూసినారా?" అని వాని తల్లి మమ్ము అడిగెను.

నాటినుండి తూనిక ప్రక్కన నడుము చుట్టుకొలతయు, బస్కీల లెక్కయు వ్రాయించుచున్నాము. ఆ బాలుడు మరుసటి యేట మూడు కిలోలు పెరిగి, పెద్దవారి జట్టులో ఆడెను.