ఖాజీపల్లి అడవికి సామర్లకోట సాక్ష్యం

సంగారెడ్డి జిల్లా బొల్లారం పేరు చెబితే జనానికి గుర్తొచ్చేవి మందుల ఫ్యాక్టరీలు, ఘాటు వాసన, రంగు మారిన చెరువులు. ఆ బొల్లారానికి చేరువలోనే ఖాజీపల్లి రిజర్వు ఫారెస్టు ఉంది. 2020లో సినీనటుడు ప్రభాస్ రెండు కోట్ల రూపాయలిచ్చి అందులో 1,650 ఎకరాలను దత్తత తీసుకున్నారు. డబ్బు వచ్చింది, కంచె పడుతుంది. కానీ లోపల ఏ చెట్లు పెంచాలి? నర్సరీలో ఏది దొరికితే అది నాటితే తోట అవుతుందేమో గాని అడవి కాదు. కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను ఊరూరా నాటి, 2022లో వద్దనుకున్న అనుభవం తెలంగాణకు ఉండనే ఉంది. ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్ల నాటి బొమ్మల పుస్తకం ఒకటి పనికొస్తుంది.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బరో 1781లో సామర్లకోట చేరి, పరిసరాల మొక్కలను స్థానిక చిత్రకారుల చేత గీయించాడు. ఆ బొమ్మల్లోంచి వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఏరినవి 1795, 1820 మధ్య లండన్‌లో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’గా మూడు సంపుటాల్లో, 300 రంగుల చిత్రాలతో అచ్చయ్యాయి. తునికి, ఇప్ప, మోదుగ, సోమిద మొదటి సంపుటంలోనే ఉన్నాయి. బొమ్మ పక్కన చెట్టు ఎక్కడ పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, కలప దేనికి పనికొస్తుంది, తెలుగువాళ్లు ఏమంటారు అన్న వివరాలుంటాయి. మోదుగ పూలతో గుడ్డకు పసుపు రంగు అద్ది కూడా చూశాడాయన. గీసినవారి పేర్లు మాత్రం వేయలేదు. పని వాళ్లది, పేరు దొరది.

ఇది కంపెనీ లాభం కోసం చేసిన పుస్తకం కదా అంటే, నిజమే. లాభం కోసమే కాబట్టి చెట్టు ఉనికిని, వాడుకను అంత జాగ్రత్తగా రాసుకున్నారు. కోస్తా మొక్కల పుస్తకం దక్కనుకు ఎలా సరిపోతుందన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అయితే పైన చెప్పిన తునికి, మోదుగ, ఇప్ప రెండు చోట్లా ఎండుటడవుల చెట్లే. మెదక్ జిల్లా నర్సాపూర్ అడవిలో ఇప్పుడు నిలిచి ఉన్నవాటితో సరిచూసుకుంటే కోస్తాకే పరిమితమైనవి తేలిపోతాయి. ఏ చెట్టు ఎకరానికి ఎన్ని ఉండేవో మాత్రం ఈ పుస్తకం చెప్పదు. ఆ లెక్క అడవిలోనే తీయాలి.

ఈ సంపుటాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అటవీశాఖ వారు మొక్కలకు ఆర్డరు పెట్టే ముందు ఒకసారి తెరిచి చూడాలి.