సాక్సఫోను: అంగములు, నాదభేదములు

సాక్సఫోనును మనలో పెక్కుమంది పెండ్లి బ్యాండు మేళములందో, చలనచిత్రములందో చూచియే యుందురు. మిలమిల మెరయు ఇత్తడి గొట్టము, వంపు తిరిగిన అడుగుభాగము, పువ్వువలె విచ్చిన మూతి! ఇంత ఇత్తడిని చూచినపుడు ఇది బాకాల జాతికి చెందినదని తోచుట సహజము. కాని సంగీతశాస్త్రజ్ఞులు దీనిని క్లారినెట్టుతోపాటు దారువాద్యముల తెగలో చేర్చుదురు. కారణమేమన, బాకాలో వాదకుని పెదవులే అదరి నాదమును పుట్టించును. సాక్సఫోనులో ఆ పని ఒక చిన్న రెల్లుబద్దది. ఈ సంగతిని గ్రహించినచో తక్కిన అంగముల ప్రయోజనము సులభముగా బోధపడును.

బెల్జియము దేశమందలి దీనాన్ పట్టణమున 1814లో జన్మించిన అడాల్ఫ్ సాక్స్ ఈ వాద్యమునకు నిర్మాత. దారువాద్యముల చురుకుదనమును, ఇత్తడి వాద్యముల గాంభీర్యమును ఒక్కచో కూర్పవలెనని ఆయన సంకల్పము. 1846 జూన్ 28న పారిస్ నగరమున ఆయన దీనికి పేటెంటు హక్కు పొందెను. సోప్రానో, ఆల్టో, టెనార్, బారిటోన్ అను నాలుగు రకములు నేడు విశేషప్రచారమున నున్నవి. గొట్టము పొడవు పెరిగినకొలది స్థాయి తగ్గును.

ముందుగా మౌత్‌పీసును చూతము. గట్టి రబ్బరుతోనో, లోహముతోనో, ప్లాస్టిక్కుతోనో చేసిన ముక్కువంటి భాగమిది. దాని అడుగున రీడు అను పలుచని బద్దనుంచి, లిగచర్ అను పట్టీతో బిగింతురు. ఈ బద్దను పెద్దజాతి రెల్లునుండి చేయుదురు. దక్షిణ ఫ్రాన్సునందలి వార్ ప్రాంతపు రెల్లు ఇందులకు ప్రసిద్ధము. బద్ద కొనకును మౌత్‌పీసు అంచునకును నడుమ రెండు మిల్లీమీటర్లకు అటునిటుగా సందుండును. ఊదినపుడు బద్ద ఆ సందును మూయుచు, తెరచుచు అదరును. సందు ఇరుకైనచో నాదము కుదురుగా నుండును. వెడల్పైనచో బిగ్గరగా పలుకును గాని అదుపుచేయుట కష్టము. బద్దల గట్టిదనమును 2, 2½, 3 మొదలగు అంకెలతో సూచింతురు. మెత్తని బద్ద సులువుగా పలుకును, కాని పై స్థాయిలో నాదము పలుచబడును; గట్టి బద్దకు ఊపిరిబలము వలయును. అందుచే క్రొత్తగా నేర్చువారికి సాధారణముగా 2 లేక 2½ బద్దను ఇత్తురు.

మౌత్‌పీసును తొడుగునది మెడ. దాని కొనకు కార్కు చుట్టియుండును. మౌత్‌పీసును లోనికి నెట్టినచో శ్రుతి హెచ్చును, వెలికి లాగినచో తగ్గును. మెడ మొదలు మూతివరకు గొట్టము క్రమక్రమముగా వెడల్పగుచుండును. ఒకే వెడల్పుగల గొట్టమున్న క్లారినెట్టులో స్థాయి మార్చు మీటను నొక్కినచో షడ్జమము పై స్థాయి పంచమమునకు ఎగురును. సాక్సఫోనులో ఆక్టేవు మీటను నొక్కినచో షడ్జమము పై షడ్జమమే యగును. కావున రెండు స్థాయిలకును వ్రేళ్ళ అమరిక దాదాపు ఒక్కటే. నేర్చువారికి ఇది గొప్ప సౌకర్యము.

దేహముపై ఇరువదికి మించిన రంధ్రములు కలవు. అవి పెద్దవి, ఎడమెడముగా నుండునవి. వ్రేళ్ళు వానిని మూయజాలవు. అందుచే మీటలు, కడ్డీలు, స్ప్రింగులు అమర్చి, రంధ్రములపై తోలు కప్పిన మెత్తలను మూతలుగా నుంచిరి. మేమెరిగిన బాలుడొకడు మూడు మాసములు సాధన చేసినను మంద్రస్వరములు పలుకలేదు. తనకు ఊపిరి చాలదని దిగులుపడి, అతడు విద్యనే మానుకొనబోయెను. వాద్యములు బాగుచేయు వృద్ధుడొకరు చీకటిగదిలో గొట్టములోనికి చిన్న విద్యుద్దీపమును దింపి చూపగా, పై మెత్త యొకదాని అంచున సన్నని వెలుగుగీత కనబడెను. అతిమంద్రస్వరమునకు ఇంచుమించు అన్ని రంధ్రములును మూతపడవలెను గదా! పైన గాలి జారినచో క్రింద నాదము నిలువదు. మెత్త మార్చిన నాటి సాయంత్రమే బాలుడు మంద్రమును నిండుగా ఊదెను.

నాదమంతయు మూతినుండియే వచ్చునని పలువురు తలంతురు. నిజమునకు పెక్కు స్వరములు తెరచియున్న రంధ్రములనుండి వెలువడును. కావుననే స్టూడియోలో మైకును మూతిలోనికి గురిపెట్టక కొంత పైగా నుంచుట మేలు. ఇక లోహము మాట. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాలునందు జాజ్ విద్వాంసుడు చార్లీ పార్కర్ ప్లాస్టిక్కు దేహముగల గ్రాఫ్టన్ సాక్సఫోనును వాయించెను. ఆ రికార్డు విన్నవారికి అది పార్కర్ నాదమేయని తెలియుచునే యున్నది.

కర్ణాటక సంగీతమునకు ఈ వాద్యముతో ఒక చిక్కు గలదు. నాదస్వర విద్వాంసుడు రంధ్రములపై వ్రేళ్ళను జార్చి, సగము తెరచి, గమకమును పలికించును. సాక్సఫోనులో వ్రేలికిని రంధ్రమునకును నడుమ మీటయు మెత్తయు నున్నవి. ఆ సౌలభ్యము లేదు. 1949లో నాదస్వర విద్వాంసుని యింట జన్మించిన కీర్తిశేషులు కద్రి గోపాల్‌నాథ్ మైసూరు రాజాస్థానపు బ్యాండులో సాక్సఫోను విని ముగ్ధులైరి. ఏండ్ల తరబడి శ్రమించి, వాద్యమున కొన్ని మార్పులు చేసికొని, పెదవుల బిగువుతోను ఊపిరి అదుపుతోను వారు గమకమును సాధించిరి. 1994లో లండనునందు బి.బి.సి. ప్రామ్స్ ఉత్సవమున వాయించిరి. 2019లో వారు పరమపదించిరి. వారి రికార్డులు మనకు మిగిలినవి. వినునపుడు స్వరమునుండి స్వరమునకు జారు తావులను గమనింపుడు. అచట పనిచేయునవి మీటలకంటె పెదవులే.

ఇంటి పిల్లలకు ఈ వాద్యము కొనదలచు తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. ఇత్తడి మెరుపునకు వెచ్చింపదలచిన సొమ్ములో కొంత మంచి మౌత్‌పీసునకు, తగిన బద్దలకు కేటాయింపుడు. కొనుటకు ముందు మెత్తలను తెలిసినవారిచే పరీక్ష చేయింపుడు. పిల్లవానికి స్వరము పలుకనిచో వానిని మందలించుటకు ముందు వాద్యమును ఒకసారి చూపింపుడు.