వీడియో గేములో పరుగు అవసరమా? హేలో శ్రేణి – ఒక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు: ఆటలో వేగానికీ, పరుగుకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు, ఒక్క నియమం మారితే ఆటలోని మిగిలిన భాగాలు ఎలా మారవలసి వస్తుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు, ఈ వివాదంలో ఇరుపక్షాల వాదనలను బేరీజు వేయగలుగుతారు.

1. పరిచయం

పెద్దదోర్నాల కూడలిలో నిలబడి శ్రీశైలం ఎంత దూరమని ఎవరినైనా అడిగి చూడండి. కిలోమీటర్ల లెక్క చెప్పేవారు తక్కువ. బస్సులో ఎంతసేపు పడుతుందో చెప్పేవారే ఎక్కువ. నల్లమల ఘాట్ రోడ్డు మలుపుల్లో కిలోమీటర్ల కంటే గంటల లెక్కే పనికివస్తుంది. వీడియో గేములో మైదానాన్ని రూపొందించేవారు కూడా దూరాన్ని కాలంతోనే కొలుస్తారు. ఒక గది నుంచి మరో గదికి ఎన్ని మీటర్లు అన్నదానికన్నా, ఎన్ని సెకన్లు అన్నదే వారికి ముఖ్యం. ఈ విషయం గుర్తుంచుకుంటే, హేలో అనే ప్రసిద్ధ ఆటల శ్రేణిలో ఏళ్ళ తరబడి సాగుతున్న ఒక వివాదం మీకు తేలికగా అర్థమవుతుంది. ఆ ఆటలో పాత్ర పరుగెత్తాలా, వద్దా అన్నదే ఆ వివాదం.

ఇది పిల్లల తగాదాలా కనిపించవచ్చు. కాని దీని వెనుక పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. చాలామంది ఏళ్ళ తరబడి ఆడి తమదిగా చేసుకున్న ఆటను కొత్తవారి కోసం మార్చేటప్పుడు, దేనిని మార్చవచ్చు, దేనిని నిలుపుకోవాలి?

2. వేగం వేరు, పరుగు వేరు

ఫస్ట్ పర్సన్ షూటర్ అంటే పాత్ర కళ్ళతోనే లోకాన్ని చూస్తూ తుపాకీతో ఆడే ఆట. 1993లో వచ్చిన డూమ్ ఈ కోవలో పేరుపొందిన తొలి ఆటల్లో ఒకటి. అందులో పాత్ర చాలా వేగంగా కదులుతుంది, కదులుతూనే కాల్చగలదు. అంటే అక్కడ వేగానికి ఆటగాడు మూల్యం చెల్లించనక్కరలేదు.

పరుగు అలా కాదు. 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడర్న్ వార్‌ఫేర్ వంటి ఆటల్లో బటన్ నొక్కితే పాత్ర తుపాకీ దించి పరుగెత్తుతుంది. పరుగెత్తినంతసేపూ కాల్చలేదు. వేగం కావాలంటే ఆయుధాన్ని కాసేపు వదులుకోవాలి. ఈ పాఠంలో 'పరుగు' అన్న మాటను ఈ అర్థంలోనే వాడుతున్నాం.

3. హేలోలో పరుగు వచ్చిన క్రమం

బంజీ సంస్థ రూపొందించిన మొదటి హేలో 2001 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్‌తో పాటు విడుదలయింది. ఇందులో తుపాకీ, గ్రెనేడు, చేతి దెబ్బ – ఈ మూడూ ఎప్పుడు కావాలంటే అప్పుడు అందుబాటులో ఉంటాయి. పాత్ర ఒకే వేగంతో కదులుతుంది. దాని ఒంటిమీది శక్తి కవచం దెబ్బలకు తరుగుతుంది, కొన్ని సెకన్లు దెబ్బ తగలకపోతే మళ్ళీ నిండుతుంది. 2004లో హేలో 2, 2007లో హేలో 3 ఇదే పద్ధతిలో వచ్చాయి.

2010లో వచ్చిన హేలో: రీచ్‌లో పరుగు తొలిసారి కనిపించింది. అయితే అది అందరికీ లేదు. ఎగిరే యంత్రం, కనబడకుండా చేసే సాధనం వంటి అనేక శక్తుల్లో ఒకటిగా ఎంచుకున్నవారికే ఉండేది. తరువాత శ్రేణి బాధ్యత 343 ఇండస్ట్రీస్ చేతికి వచ్చింది. వారు 2012లో హేలో 4లో పరుగును ప్రతి ఆటగాడికీ ఇచ్చారు. 2015లో హేలో 5లో అలుపులేని పరుగు ఇచ్చి, దానికి ఒక షరతు పెట్టారు: పరుగెత్తుతున్నంతసేపు కవచం నిండదు. 2021లో వచ్చిన హేలో ఇన్ఫినిట్‌లో మామూలు నడకకూ పరుగుకూ మధ్య తేడాను బాగా తగ్గించారు.

4. లెక్క వేసి చూద్దాం

ఇక్కడి అంకెలు కేవలం ఉదాహరణ కోసం తీసుకున్నవి. నడక వేగం సెకనుకు 5 మీటర్లు, రెండు గదుల మధ్య దూరం 40 మీటర్లు అనుకుందాం. చేరడానికి 8 సెకన్లు పడుతుంది. ఇప్పుడు సెకనుకు 6.25 మీటర్ల పరుగు ఇచ్చారు. మైదానం మరీ ఇరుకు కాకుండా ఉండాలని రూపకర్త దూరాన్ని 50 మీటర్లకు పెంచాడు. పరుగెత్తేవాడికి మళ్ళీ 8 సెకన్లే. తుపాకీ ఎత్తిపట్టి నడిచేవాడికి మాత్రం 10 సెకన్లు. అంటే ఆట వేగం పెరగలేదు, సిద్ధంగా ఉండేవాడు వెనుకబడ్డాడు. హేలో 2లోని మిడ్‌షిప్ మైదానాన్ని హేలో 5లో ట్రూత్ అనే పేరుతో మళ్ళీ కట్టినప్పుడు అది పాతదానికంటే పెద్దదయింది. పాత ఆటగాళ్ళు తమ వాదనకు దానిని సాక్ష్యంగా చూపుతారు.

రెండో లెక్క. ఎదుటివాడిని పడగొట్టడానికి 2 సెకన్లు కావాలి, అతనికి చాటు 10 మీటర్ల దూరంలో ఉంది. నడిస్తే 2 సెకన్లు పడుతుంది, అంతలో పడిపోతాడు. పరుగెత్తితే 1.6 సెకన్లలో చాటుకు చేరి కవచం నింపుకుని తిరిగి వస్తాడు. తప్పుడు చోట నిలబడిన తప్పుకు శిక్ష తప్పిపోయింది. హేలో 5లో పెట్టిన షరతు సరిగ్గా ఈ లొసుగును పూడ్చేదే.

5. పరుగు కావాలనేవారి వాదన

వీరి వాదనను తేలికగా తీసుకోకూడదు. మీరు ఫోనులో ఫ్రీ ఫైర్, బీజీఎంఐ వంటి ఆటలు ఆడి ఉంటే మీ వేలు పరుగుకు అలవాటుపడి ఉంటుంది. అలాంటివారికి మొదటి హేలో నత్తనడకలా తోస్తుంది. కథ ప్రకారం హేలో నాయకుడు మాస్టర్ చీఫ్ అసాధారణ బలం గల సైనికుడు, అతడు పరుగెత్తలేకపోవడం వింతగానే ఉంటుంది. అదీగాక పరుగు ఆటగాడి ముందు ఒక నిర్ణయాన్ని ఉంచుతుంది: త్వరగా చేరాలా, ఆయుధంతో సిద్ధంగా ఉండాలా? మంచి ఆటలన్నీ ఇలాంటి నిర్ణయాలతో నిండినవే.

6. కబడ్డీతో పోలిక

మనకు తెలిసిన ఆటనే తీసుకోండి. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలకు 12, 8 మీటర్లు. మధ్య గీత నుంచి బాక్ గీత పురుషులకు 3.75 మీటర్లు, మహిళలకు 3 మీటర్లు. ఆడేవారి అడుగును బట్టి గీతలు జరిగాయి. అడుగుకూ మైదానానికీ ఉన్న ముడి అలాంటిది.

2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ ఆటను టీవీ ప్రేక్షకులకు ఉత్కంఠగా మార్చాలనుకుంది. అందుకోసం రైడరుకు వేగం పెంచలేరు కదా! వరుసగా రెండు కూతలు పాయింటు లేకుండా ముగిస్తే, మూడో కూతలో పాయింటు తేవాలి, లేదా రైడరు అవుటవ్వాలి అన్న నియమాన్ని వాడారు. 30 సెకన్ల కూత, ఏడుగురు ఆటగాళ్ళు, పట్టు – ఆట ప్రాణం చెడలేదు. కాలయాపన మాత్రం తగ్గింది.

7. మూల్యాంకనం

పై చర్చను బట్టి ఒక నిర్ణయానికి రావచ్చు. పరుగు దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. విశాలమైన బయలులో, శత్రువు లేని చోట దూరం దాటడానికి అది పనికివస్తుంది. కాని తుపాకీ, గ్రెనేడు, చేతి దెబ్బ ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండడమే ప్రాణమైన హేలో పోటీ మైదానాల్లో అది ఇచ్చేదానికంటే తీసుకునేది ఎక్కువ. అక్కడ వేగమే కావాలనుకుంటే డూమ్ దారిలో మామూలు నడకనే వేగవంతం చేయవచ్చు. హేలో 5లో షరతు పెట్టడం, ఇన్ఫినిట్‌లో తేడా తగ్గించడం చూస్తే రూపకర్తలు కూడా ఈ చిక్కును గుర్తించారని అనుకోవచ్చు. 2025 అక్టోబరులో ప్రకటించిన మొదటి హేలో పునర్నిర్మాణంలో, వద్దనుకునేవారు పరుగును ఆపివేసుకోవచ్చని తెలిపారు. ఒంటరిగా ఆడేటప్పుడు ఇది చక్కని పరిష్కారం. ఎదురెదురుగా పోటీపడేటప్పుడు మాత్రం నియమం అందరికీ ఒకటే ఉండాలి కాబట్టి అక్కడ ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

8. సారాంశం

నియమాన్ని విడిగా చూసి తీర్పు చెప్పకూడదు. అది మైదానాన్ని, ఆయుధాన్ని, తప్పుకు పడే శిక్షను ఎలా మారుస్తుందో చూడాలి. పాతవారి అభిమానాన్నీ, కొత్తవారి అలవాటునూ గౌరవిస్తూనే, ఆటకు ప్రాణం ఎక్కడుందో ముందు గుర్తించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వేగానికీ పరుగుకూ తేడా ఏమిటి? డూమ్, కాల్ ఆఫ్ డ్యూటీ 4 ఆధారంగా రాయండి.
2. నాలుగో విభాగంలోని రెండో లెక్కలో చాటు 15 మీటర్ల దూరంలో ఉంటే ఫలితం ఎలా మారుతుంది?
3. మీ ఊరిలో ఆడే ఏదైనా ఒక ఆటలో వచ్చిన నియమం మార్పును తీసుకుని, దానివల్ల ఆటలో ఇంకేమేమి మారాయో ఒక పుటలో వివరించండి.