సుగ్గి బాటలో నిద్రయు, శునకమును: అపోహలు – వాస్తవాలు

మిరపచేలు పండుబారుటతోడనే తుళ్లూరు మండలములోని పెదపరిమి మొదలగు నల్లరేగడి గ్రామములకు, కాయ కోయు నిమిత్తము, కర్నూలు సీమలోని ఆదోని, కోసిగి ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే తరలివచ్చుట యేటేట జరుగుచున్న సంగతియే. సుగ్గి యని వారు పిలుచుకొను ఈ వలసలో బియ్యపు మూటలు, వంటపాత్రలు, చంటిబిడ్డలు, ఇంటివద్ద విడిచి రాలేక కొందరు వెంటగొనివచ్చు కుక్కయు, ఒకే బండిలో, ఆత్మకూరు, దోర్నాల, వినుకొండల మీదుగా మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరము ప్రయాణము సేయుదురు. సరకుల ట్రక్కులో మనుష్యులను ఎక్కించుట చట్టసమ్మతము కాదు; ఐనను బీదరికము ఆ బండినే ఎక్కించుచున్నది. అట్టి ప్రయాణమున ప్రాణములు నిలుచుట తోలువాని మెలకువపై ఆధారపడియుండగా, ఆ మెలకువను గూర్చియు, నోరులేని జంతువును గూర్చియు మనలో పాతుకొనిపోయిన కొన్ని నమ్మకములను పరీక్షించుట మిక్కిలి అవసరము.

అపోహ: చేయితిరిగిన డ్రైవరు నిద్రను ఆపుకొనగలడు.

వాస్తవము: ఆకలిని కొంతసేపు ఓర్చుకొనవచ్చును గాని, నిద్ర మన అనుమతిని కోరి వచ్చునది కాదు. అర్ధరాత్రి దాటిన పిమ్మట రెండు గంటలనుండి ఆరు గంటలవరకును, మరల మధ్యాహ్న భోజనానంతరమును, దేహము తనంతట తానే మగతలోనికి జారును. అనుభవము ఈ శరీరధర్మమును మార్చజాలదు. ఎడతెగక 17 గంటలు మేలుకొనియున్నవాని చురుకుదనము, రక్తములో 0.05 శాతము మద్యము గలవాని చురుకుదనముతో సమానముగా క్షీణించునని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు నిరూపించిరి. మన దేశపు మోటారు వాహనముల చట్టము అనుమతించునది 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు, అనగా 0.03 శాతము మాత్రమే. వేకువ అయిదు గంటలకు లేచి, పగలంతయు సామాను సర్దించి, రాత్రి పది గంటలకు స్టీరింగు పట్టినవాడు, చుక్క త్రాగకున్నను ఆ హద్దును దాటినవానితో సమానుడే.

అపోహ: ఘాటైన టీ, కిళ్లీ, పెద్దగా పెట్టిన పాటలు, ముఖమునకు తగులు చల్లగాలి ఉన్నచో తెల్లవారువరకు తోలవచ్చును.

వాస్తవము: పాటయు చల్లగాలియు ఇచ్చు ఉపశమనము కొలది నిమిషములలోనే తీరిపోవును. టీలోని కెఫీను పనిచేయును గాని, త్రాగిన యరగంటకు గాని దాని ప్రభావము కానరాదు. కావున తెలివిగలవాడు టీ త్రాగి, బండిని నిలిపి, ఆ వ్యవధిలోనే పదిహేను ఇరువది నిమిషములు కునుకు తీయును. లేచునప్పటికి ఆ రెండింటి ఫలితము ఒక్కమారే లభించును. లేచిన వెంటనే తల దిమ్ముగా నుండును గావున, ముఖము కడుగుకొని నాలుగడుగులు నడిచిన పిమ్మటనే బండి కదల్పవలెను. ఇదియు తాత్కాలికమే; నిద్రకు నిద్రయే మందు.

అపోహ: రెప్ప వాలిన మూడు నాలుగు సెకన్లలో ఏమి మునుగును? అందునను మనది మెల్లగా పోవు బండి గదా!

వాస్తవము: గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి నాలుగు సెకన్లలో 66 మీటర్లు పోవును, పాతిక కిలోమీటర్ల వేగమున పోవు ట్రాక్టరైనను 27 మీటర్లు దాటును. ఆ దూరమంతయు బండిని తోలువాడు లేడన్నమాట. గడచిన రెండు మైళ్లలో ఏ ఊరు దాటినదో జ్ఞప్తికి రాకుండుట, పదే పదే ఆవులించుట, బండి రోడ్డు అంచు దిగి మరల ఎక్కుట – వీనిలో ఏ ఒక్కటి కన్పించినను, అదియే ఆగవలసిన చోటు. ఆగునప్పుడు రోడ్డు మీద గాక, పెట్రోలు బంకు ఆవరణములోనో, దాబా ముందరి ఖాళీ స్థలములోనో నిలుపవలెను. వెనుక దీపములు లేక దారి ప్రక్కన ఆపిన ట్రక్కును చీకటిలో మరియొక బండి వచ్చి గ్రుద్దుట మనము తరచుగా వినుచున్న ఘోరమే.

అపోహ: కుక్క బండిలో పడుకొనియే యుండును గావున దానికి అలసట లేదు.

వాస్తవము: పడుకొన్నట్లు కన్పించు కుక్క నిజముగా నిద్రించుట అరుదు. ప్రతి కుదుపునకును కాళ్లు బిగపట్టి, ప్రతి మలుపునకును దేహమును సర్దుకొనుచు, అది దారిపొడవునను శ్రమించుచునే యుండును. దానికి స్వేదగ్రంథులు ముఖ్యముగా పాదములయందే కలవు. కావున నాలుక వెళ్లబెట్టి వగర్చుటయే దాని చల్లదనమునకు ప్రధాన మార్గము. సహజముగా 38, 39 డిగ్రీల సెల్సియసు నడుమ నుండవలసిన దాని దేహోష్ణము 41 దాటినచో ప్రాణాపాయమే. వగర్పు హెచ్చి, చొంగ జిగటబారి, చిగుళ్లు కెంపెక్కి, కాళ్లు తడబడుచున్నచో వెంటనే నీడకు దించి, ఒడలెల్ల నీటితో తడిపి, విసరి, పశువైద్యుని కడకు చేర్చవలెను. ఎండలో నిలిపి మూసిన క్యాబినులో వేడి పది నిమిషములలోనే సుమారు పది డిగ్రీలు పెరుగును. టీ త్రాగి వచ్చుటకైనను కుక్కను అందులో విడిచిపోరాదు.

అపోహ: కుక్కకు నీళ్లు పెట్టినచో కక్కును, మెడకు పొడవైన త్రాడు కట్టిన అదే సుఖముగా నుండును.

వాస్తవము: కక్కుటకు కారణము సాధారణముగా కుదుపులును, బయలుదేరబోవు ముందు పెట్టిన కడుపునిండు తిండియు, నీరు కాదు. తిండి కొన్ని గంటల ముందుగా మితముగా పెట్టి, నీరు కొంచెము కొంచెముగా పలుమారులు త్రాగింపవలెను. 1978 నాటి జంతు రవాణా నియమములు కుక్కలకు వేసవిలో నాలుగు గంటలకొకమారును, చలికాలములో ఆరు గంటలకొకమారును నీరు ఇయ్యవలెనని విధించుచున్నవి. ఇక పొడవైన త్రాడు సుఖము గాదు, ఉరి: ట్రక్కు అంచు దాటి దూకిన కుక్క నేల తాకక మెడతో వ్రేలాడును. మెడకు గాక రొమ్మునకు పట్టీ వేసి, అంచు దాటలేనంత పొట్టిగా కట్టవలెను. తిరుగు ప్రయాణమున కూలి క్రింద వచ్చిన మిరపకాయల మూటలున్నచో, ఆ ఘాటు సోకని మూల దానికి చోటీయవలెను.

అపోహ: ఆగిన కాలము వృథా.

వాస్తవము: 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము ఎనిమిది గంటల దినమును, అయిదు గంటల పనికి పిమ్మట కనీసము అరగంట విశ్రాంతిని నిర్ణయించినది. కుక్కకు వేసవిలో నాలుగు గంటలకొకమారు నీరు కావలెను. ఈ రెండు లెక్కలను కలిపి చూచినచో, కుక్కకై నాలుగు గంటలకు ఆపిన బండి డ్రైవరును కాపాడును. అతడు కన్ను మూసిన యరగంటలో పిల్లలు కాళ్లు చాచుకొందురు, కుక్క నీరు త్రాగి నాలుగడుగులు నడచును. ప్రయాణమంతటికిని ఇట్టి విరామములకు పట్టునది గంట, గంటన్నర మాత్రమే.

ఐనను ఈ భారమంతయు డ్రైవరు మీదనే మోపుట న్యాయము కాదు. బండి ఏ వేళకు బయలుదేరవలెనో నిర్ణయించువాడు ముఠా మేస్త్రి. కాయ రాలిపోవునని తొందరపెట్టువాడు మన రైతు. రాత్రికి రాత్రి రమ్మనుటకు మారుగా, వేకువను బయలుదేరి పగటివేళ రమ్మనియు, బండికి రెండవ డ్రైవరును పెట్టుమనియు, అందుకగు ఖర్చులో పాలు పంచుకొందుమనియు మేస్త్రికి ముందుగానే చెప్పుట తుళ్లూరు రైతునకు అసాధ్యమైన పని కాదు. కోత ఒక దినము ఆలస్యమైనచో కలుగు నష్టమును మార్కెట్టు ధరలో లెక్కింపవచ్చును. కూలికి వచ్చు కుటుంబము దారిలో పోగొట్టుకొనుదానికి ఏ యార్డులోను ధర లేదు.