ప్రయోగశాల గడప దాకా చట్టం

శాస్త్ర పరిశోధనకు భారతదేశంలో ఇప్పటికీ ప్రభుత్వమే పెద్ద పోషకురాలు. 2020-21లో పరిశోధన, అభివృద్ధి పనుల మీద దేశం మొత్తం పెట్టిన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే కాగా, అందులో ప్రైవేటు పరిశ్రమల వాటా 36 శాతం చిల్లర; మిగిలిన భారాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రభుత్వ రంగ సంస్థలు, విశ్వవిద్యాలయాలు కలిసి మోశాయి. అమెరికా, జపాన్, దక్షిణ కొరియాలలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. అక్కడ ఖర్చులో సింహభాగం కంపెనీలదే. కాబట్టి మన దేశంలో సైన్సు ఎలా నడుస్తున్నదో తెలుసుకోవాలంటే, ప్రయోగశాలలోకి తొంగిచూడటానికి ముందు, ఆ ప్రయోగశాలకు డబ్బు ఏ చట్టం కింద, ఏ సంస్థ చేతుల మీదుగా, ఎన్ని మెట్లు దిగి వస్తున్నదో చూడవలసి ఉంటుంది.

రాజ్యాంగం ఈ విషయంలో అధికారాన్ని చాలావరకు కేంద్రానికే ఇచ్చింది. ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితా, అంటే పార్లమెంటు మాత్రమే చట్టం చేయగల అంశాల పట్టిక, అణుశక్తిని 6వ అంశంగా, జాతీయ ప్రాముఖ్యం గల శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థలను 64వ అంశంగా, ప్రత్యేక పరిశోధనలను ప్రోత్సహించే కేంద్ర సంస్థలను 65వ అంశంగా పేర్కొంటుంది. 1976లో 42వ సవరణ ద్వారా శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధుల్లో ఒకటిగా చేరింది. అయితే ప్రాథమిక విధులను కోర్టుకు వెళ్లి నేరుగా అమలు చేయించుకునే వీలు లేదు కనుక, ఈ నిబంధన వ్యాసరచన పోటీలకు ఉపయోగపడినంతగా పరిశోధకులకు ఉపయోగపడలేదనే చెప్పాలి.

దేశంలోని పేరున్న పరిశోధన సంస్థల్లో చాలావాటికి పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమంటూ లేకపోవడం సామాన్య పాఠకుడికి ఆశ్చర్యం కలిగించే సంగతి. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సీఎస్ఐఆర్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో 1942లో ఏర్పడింది. ఆర్కాట్ రామస్వామి ముదలియార్ పట్టుదల, శాంతిస్వరూప్ భట్నాగర్ నిర్వహణ దక్షత దానికి ఊపిరి పోశాయి. హైదరాబాద్‌లోని ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ వంటి ప్రయోగశాలలన్నీ దీని గొడుగు కిందివే. ఇంతటి సంస్థ రిజిస్టరైనది సాహిత్య, శాస్త్ర, ధార్మిక సంఘాల కోసం 1860లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద. ప్రధానమంత్రే ఆ సొసైటీకి అధ్యక్షుడు. నిధులు కేంద్ర ఖజానా నుంచి వస్తాయి. అయినా చట్టం దృష్టిలో అది ఒక సంఘం.

ఈ ఏర్పాటు వల్ల ఒక మేలు, ఒక కీడు కలిగాయి. ప్రభుత్వ శాఖలకు ఉండే బిగువు లేకుండా శాస్త్రవేత్తలను నియమించుకోవడానికి, కొత్త ప్రయోగశాలలు తెరవడానికి వెసులుబాటు దొరకడం మేలు. కీడు ఏమిటో సీఎస్ఐఆర్‌లో పనిచేసే ఒక స్టెనోగ్రాఫర్ వేసిన కేసులో బయటపడింది. ప్రాథమిక హక్కులను ప్రభుత్వం మీద, ప్రభుత్వ యంత్రాంగంలో భాగమైన సంస్థల మీద మాత్రమే కోరవచ్చు. సీఎస్ఐఆర్ అటువంటి సంస్థ కాదని 1975లో సుప్రీంకోర్టు తేల్చడంతో, అందులోని ఉద్యోగులకు సమానత్వ హక్కు కోరే దారి మూసుకుపోయింది. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2002లో ఆ తీర్పును తోసిపుచ్చి, సీఎస్ఐఆర్ కూడా రాజ్యాంగం చెప్పే ‘రాజ్యం’ పరిధిలోకే వస్తుందని ప్రకటించేదాకా, అంటే 27 ఏళ్ల పాటు, అదే పరిస్థితి. పట్టాలిచ్చే అధికారం విషయంలోనూ ఇంతే. యూజీసీ చట్టం ప్రకారం చట్టబద్ధంగా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు తప్ప మరెవరూ డిగ్రీలు ఇవ్వరాదు కనుక, సీఎస్ఐఆర్ ప్రయోగశాలల్లో పరిశోధన చేసినవారు పీహెచ్‌డీ కోసం ఏదో ఒక విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకోవలసి వచ్చేది. 2011లో ఏసీఎస్ఐఆర్ అనే అకాడమీ కోసం పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసిన తరువాతే ఆ ప్రయోగశాలల చేతికి సొంత పట్టా వచ్చింది.

అణుశక్తి కథ ఇందుకు పూర్తిగా భిన్నం. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలోపే 1948లో అణుశక్తి చట్టం వచ్చింది, దాని స్థానంలో 1962లో మరింత కట్టుదిట్టమైన చట్టం చేశారు. యురేనియం వంటి ఖనిజాలను ఎవరు తవ్వాలి, ఏ సమాచారం రహస్యంగా ఉంచాలి అన్నవి నిషేధాలతో, శిక్షలతో ముడిపడిన విషయాలు. వాటిని తీర్మానాలతో సరిపెట్టడం కుదరదు. అంతరిక్ష రంగంలో అటువంటి చట్టమే లేదు. 1969లో ఇస్రో, 1972లో అంతరిక్ష కమిషన్, అంతరిక్ష శాఖ ప్రభుత్వ ఉత్తర్వుల మీదే పుట్టాయి. శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన 2023 ఆగస్టు 23 నాటికి కూడా అంతరిక్ష కార్యకలాపాలకంటూ పార్లమెంటు చేసిన సమగ్ర చట్టం లేదు. ప్రభుత్వం తానే డబ్బు పెట్టి, తానే పనిచేసినంత కాలం ఉత్తర్వులు చాలు. ప్రైవేటు కంపెనీలు రాకెట్లు కట్టడం మొదలుపెట్టాక, ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చట్టం అవసరం తెలిసివస్తుంది.

ఒక చట్టం నేరుగా పైసా ఇవ్వకుండానే ఒక పరిశ్రమను నిలబెట్టగలదనడానికి హైదరాబాద్ మందుల పరిశ్రమే సాక్ష్యం. 1911 నాటి బ్రిటిషు కాలపు పేటెంట్ల చట్టం మందుకే పేటెంటు ఇచ్చేది. అంటే ఆ మందును ఏ పద్ధతిలో తయారుచేసినా పేటెంటుదారుడి అనుమతి ఉండాలి. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా రూపొంది, 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చిన 1970 పేటెంట్ల చట్టం, మందుల విషయంలో ఉత్పత్తికి పేటెంటు తీసివేసి తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు మిగిల్చింది. ఒకే మందును వేరే రసాయన మార్గంలో తయారుచేస్తే అది చట్టబద్ధమే. ఈ ఒక్క మార్పుతో, కొత్త మార్గాలు వెతికే రసాయన శాస్త్రవేత్తకు పరిశ్రమలో విలువ పెరిగింది.

అయితే చట్టం తలుపు తెరిచినా లోపలికి నడిచే మనుషులు ఉండాలి కదా. వారు హైదరాబాద్‌లో అప్పటికే తయారై ఉన్నారు. నిజాం ప్రభుత్వం 1944లో స్థాపించిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో సీఎస్ఐఆర్‌లో కలిసి ప్రాంతీయ పరిశోధనశాలగా మారాయి. నేటి ఐఐసీటీ అదే. 1961లో సోవియట్ సహకారంతో ఏర్పడిన ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం పెట్టింది. అక్కడ పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయనలాగే ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని సొంత కంపెనీలు పెట్టినవారు మరెందరో. ఐఐసీటీ డైరెక్టరుగా ఏ.వి. రామారావు ఉన్న కాలంలో అక్కడి రసాయన శాస్త్రవేత్తలు ఎయిడ్స్ రోగులకిచ్చే జిడోవుడిన్ మందును తయారుచేసే పద్ధతిని రూపొందించి సిప్లాకు అందించారు. 1990ల తొలినాళ్లలో అది దేశంలో తయారై మార్కెట్లోకి వచ్చింది. ఐడీపీఎల్ నష్టాల పాలై ఖాయిలా పడిందని వెక్కిరించేవారు, అది తయారుచేసిన మందుల కన్నా తయారుచేసిన మనుషులను లెక్కలోకి తీసుకుంటే న్యాయంగా ఉంటుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005 నుంచి ఉత్పత్తి పేటెంటు తిరిగి వచ్చినా, పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడగడాన్ని అడ్డుకునే 3(డి) నిబంధనను పార్లమెంటు చేర్చింది. కేన్సర్ మందు గ్లివెక్ విషయంలో 2013లో నోవార్టిస్ వాదనను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది ఆ నిబంధన బలంతోనే.

ప్రయోగశాలలో పరీక్షనాళిక స్థాయిలో విజయవంతమైన పనిని కర్మాగారం దాకా తీసుకెళ్లడానికి పెట్టుబడి కావాలి, ఆ దశలో బ్యాంకులు ముందుకు రావు. ఈ లోటు తీర్చడానికి రెండు చట్టాలు జంటగా పనిచేశాయి. విదేశీ సాంకేతికతను కొనుక్కునే కంపెనీలు చెల్లించే సొమ్ము మీద 5 శాతం సెస్సు, అంటే ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం వేసే పన్ను, వసూలు చేయడానికి 1986లో ఒక చట్టం వచ్చింది. ఆ నిధితో దేశీయ సాంకేతికతను వాణిజ్య స్థాయికి తెచ్చేవారికి తక్కువ వడ్డీకి అప్పులివ్వడానికి 1995 చట్టం కింద టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ఏర్పడి 1996లో పని ప్రారంభించింది. బోర్డు తొలినాళ్లలో చేయూతనిచ్చిన సంస్థల్లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఒకటి. కె.ఐ. వరప్రసాదరెడ్డి స్థాపించిన ఆ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత సీసీఎంబీలో చోటు సంపాదించుకుని పరిశోధన సాగించి, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వ్యాధికి దేశంలో తొలి జన్యు పునఃసంయోజన టీకాను 1997లో విడుదల చేసింది. దిగుమతి టీకా డోసుకు వందల రూపాయలు పలుకుతుండగా, ఈ టీకా సుమారు 50 రూపాయలకు అందింది. విశ్వవిద్యాలయం, ప్రభుత్వ ప్రయోగశాల, చట్టబద్ధమైన నిధి, ఒక పట్టుదల గల వ్యవస్థాపకుడు ఒకే ఊరిలో కలిస్తే ఏమవుతుందో ఈ టీకా చూపించింది.

ఆ సెస్సు డబ్బు ఏమైందన్నది అంత సంతోషకరమైన కథ కాదు. వసూలైన సొమ్ము మొదట భారత సంఘటిత నిధిలో, అంటే కేంద్ర ప్రభుత్వ ఆదాయమంతా చేరే పెద్ద ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి బోర్డుకు ఇవ్వాలంటే పార్లమెంటు ఏటా కేటాయించాలి. రెండు దశాబ్దాలలో వసూలైన దానిలో పదో వంతు కూడా బోర్డుకు చేరలేదని ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. 2017లో సెస్సునే రద్దు చేశారు. సైన్సు పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము సైన్సుకు చేరకపోవడానికి చట్టంలో ఉన్న కారణం చిన్నదే: ‘వసూలు చేయవలెను’ అని రాసినంత గట్టిగా ‘ఇవ్వవలెను’ అని రాయలేదు. పన్ను రాయితీల దారి కూడా ఇలాగే ఇరుకైంది. సొంత పరిశోధన విభాగం మీద పెట్టిన ఖర్చుకు రెట్టింపు సొమ్మును ఆదాయం నుంచి మినహాయించుకునే అవకాశం కంపెనీలకు 2010 నుంచి ఉండగా, 2017లో దాన్ని ఒకటిన్నర రెట్లకు తగ్గించి, 2020 నుంచి అసలు ఖర్చుకే పరిమితం చేశారు.

ఈ వరుసలో అందరి చూపూ నిలిచినది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం, 2023. అంతకుముందు 2008 చట్టం కింద పరిశోధకులకు నిధులిచ్చిన సెర్బ్ అనే బోర్డును ఇది తనలో కలుపుకుని 2024 ఫిబ్రవరి 5న అమల్లోకి వచ్చింది. పాలకమండలికి ప్రధానమంత్రి అధ్యక్షుడు. కార్యనిర్వాహక మండలికి ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు సారథి. అయిదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్చాలన్నది లక్ష్యం. అందులో ప్రభుత్వం ఇచ్చేది 14,000 కోట్లు, మిగిలిన 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు వంటి ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. పరిశోధన ఖర్చులో మూడో వంతు మాత్రమే మోసే అలవాటున్న ప్రైవేటు రంగం నుంచి ఒక నిధిలో పదింట ఏడు పాళ్లు ఆశించడం సాహసమే. కంపెనీలకు వడ్డీ లేకుండా లేదా స్వల్ప వడ్డీకి దీర్ఘకాలిక అప్పులిచ్చేందుకు లక్ష కోట్ల రూపాయల మరో పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 జూలై 1న ఆమోదించి, దాని దిశానిర్దేశం కూడా ఈ ఫౌండేషన్‌కే అప్పగించింది. ఇప్పటిదాకా నిధులు ఐఐటీల వంటి కొన్ని సంస్థల చుట్టూనే తిరిగాయన్న విమర్శకు జవాబుగా, పరిశోధనలో ముందున్న సంస్థలు వెనుకబడిన విశ్వవిద్యాలయాలను వెంట నడిపించే పథకాన్ని కూడా ఫౌండేషన్ మొదలుపెట్టింది; అలా ఎంపికైన మార్గదర్శక సంస్థలలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఒకటి.

చట్టం ఎంత ఘనంగా ఉన్నా, పరిశోధకుడి బల్ల దగ్గర దాని రూపం వేరు. ప్రాజెక్టు మంజూరైన అధ్యాపకుడు మైనస్ 20 డిగ్రీల వద్ద నిల్వ ఉంచవలసిన ఎంజైమును కొనాలన్నా సాధారణ ఆర్థిక నియమావళిని, అంటే జీఎఫ్ఆర్‌ను, పాటించాలి. అది కార్యాలయాల కుర్చీలు, కాగితాలు కొనడానికి కూడా వర్తించే నియమావళే. నాణ్యతలో తేడా తెలిసినా తక్కువ ధర చెప్పినవారినే ఎంచుకోవలసిన ఒత్తిడి, ప్రభుత్వ కొనుగోళ్ల ‘జెమ్’ పోర్టల్‌లో దొరకని వస్తువుకు దొరకలేదని రుజువు చూపే శ్రమ అతడికి తప్పవు. ఆర్థిక సంవత్సరం ముగియగానే జీఎఫ్ఆర్ 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం, అంటే ఇచ్చిన సొమ్మును ఇచ్చిన పనికే ఖర్చు చేశామని సంస్థ సంతకం చేసే లెక్క, పంపితేనే తరువాతి విడత కదులుతుంది. ఆ కాగితం ఏ బల్ల మీద ఆగినా, ప్రాజెక్టు మీద ఆధారపడిన పరిశోధక విద్యార్థి ఫెలోషిప్ ఆగిపోతుంది. 2025 జూన్‌లో కేంద్రం ఈ నియమాలను కొంత సడలించి, కొటేషన్లు లేకుండా నేరుగా కొనగల పరిమితిని లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. జెమ్ వెలుపల కొనడానికి అనుమతించే అధికారాన్ని శాస్త్ర సంస్థల డైరెక్టర్లకు, ఉపకులపతులకు ఇచ్చింది. ఇందుకు పార్లమెంటులో బిల్లు గానీ, చర్చ గానీ అవసరం పడలేదు. అయినా ఇటీవలి సంవత్సరాలలో ప్రయోగశాలలకు చేసిన మేళ్లలో ఇది చిన్నదేమీ కాదు.

ఫౌండేషన్ ఖాతాలను కాగ్ తనిఖీ చేయాలని, వార్షిక నివేదికను పార్లమెంటు ముందుంచాలని 2023 చట్టమే విధించింది. సెస్సు డబ్బుకు పట్టిన గతి తెలిసిన తరువాత, ప్రభుత్వేతర వనరుల నుంచి రావలసిన 36,000 కోట్లలో ఏటా ఎంత జమ అయిందో, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఎంత చేరిందో, విడతలు ఎన్ని నెలలు ఆలస్యమయ్యాయో ఆ నివేదికలు చూసి సభలో నిలదీసి అడగవలసిన బాధ్యత తెలుగు రాష్ట్రాల ఎంపీలది కూడా.